జ్వరానికీ ఒక గేజీ కావాలి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం ముదిరితే మా ఇంట్లో పొద్దున్నే పేపర్ ముందు మా ఆవిడ చేతికి వెళ్తుంది. ఆవిడ మొదట చూసేది ప్రకాశం బ్యారేజీ బాక్సు. ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత, గేట్లు ఎన్ని ఎత్తారు. 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది అని విజయవాడలో చదువు రానివాళ్లు కూడా చెప్పేస్తారు. కృష్ణలంకలో, రాణిగారితోటలో ఉండే మా చుట్టాలు ఆ అంకె చూసుకునే సామాను పైకి ఎక్కించాలా, పిల్లల్ని ఊరు పంపాలా అని తేల్చుకుంటారు. మీరు వేసే ఆ నాలుగు వరసల బాక్సు ఇన్నేళ్లుగా ఎంతమందిని కాపాడిందో మీకు తెలుసో లేదో, మాకు తెలుసు.

అదే పేపర్లో లోపలి పేజీలో విషజ్వరాల వార్త ఉంటుంది. జిల్లాలో ఇప్పటిదాకా ఇన్ని డెంగీ కేసులు, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి, పరిసరాలు శుభ్రంగా ఉంచుకోవాలి. చదువుతాను, పక్కన పెడతాను. ఏ పేటలో? ఏ వారంలో మొదలైన జ్వరాలు? పోయిన వారం కంటే పెరిగాయా, తగ్గాయా? వన్‌టౌన్‌లో ఉన్నవాడికీ, పాయకాపురంలో ఉన్నవాడికీ, తిరువూరులో ఉన్నవాడికీ కలిపి ఒకే అంకె ఇస్తే ఎవరికి ఏం ఉపయోగం? ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. కాస్త పెద్దదైంది, మన్నించండి. కత్తిరించాల్సి వస్తే నా సంగతులు కత్తిరించండి, అడిగిన విషయం మాత్రం ఉంచండి.

నేను మలేరియా డిపార్టుమెంటు మనిషిని. 1982లో సర్వైలెన్స్ వర్కర్‌గా చేరి, 2019లో హెల్త్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. మైలవరం, జి.కొండూరు, తిరువూరు వైపు పల్లెలన్నీ సైకిల్ మీద తిరిగినవాణ్ని. పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటి గడపా తొక్కాలి. "ఇంట్లో ఎవరికైనా జ్వరమా అమ్మా? ఈ పదిహేను రోజుల్లో వచ్చి తగ్గిందా? ఊరి నుంచి చుట్టాలెవరైనా వచ్చారా?" అని మూడు ప్రశ్నలు అడగాలి. జ్వరం ఉంటే వేలు గుచ్చి గాజు పలక మీద రక్తం చుక్క తీసి, నంబర్ వేసి ల్యాబ్‌కి పంపాలి. వెళ్లినట్టు గుర్తుగా గోడ మీద స్టెన్సిల్‌తో వేసిన గడిలో తేదీ రాసి పొడి సంతకం పెట్టాలి. పై అధికారి ఏ రోజు జీపు దిగినా, ఏ ఇంట్లో దూరినా, ఆ గడి చూస్తే చాలు, నేను వచ్చానో ఎగ్గొట్టానో తెలిసిపోయేది. ఆ గడిని చూసి ఇంటివాళ్లు కూడా మమ్మల్ని నిలదీసేవాళ్లు, "ఏమయ్యా, మొన్నటి పక్షం రాలేదేం?" అని. లెక్క రాసిన కాగితం ఆఫీసుకి వెళ్లేది నిజమే గానీ, ఆ లెక్క గుర్తు ఒకటి జనం కళ్లెదుట గోడ మీద ఉండేది. ఇప్పుడు నేను అడగబోయేది కూడా అలాంటిదే.

మాది అజిత్‌సింగ్‌నగర్ వైపు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం మా సంగతి ఏమైందో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. టీవీలో కృష్ణ లెక్కలు గంట గంటకీ వస్తూనే ఉన్నాయి. మర్నాటికి బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు చేరాయి, చరిత్రలో ఎన్నడూ రానంత వరద. మేం ఆ లెక్కలు చూసి కృష్ణలంక వాళ్ల కోసం భయపడుతూ కూర్చున్నాం. మా వీధిలోకి వచ్చింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. బుడమేరులో ఎంత నీరుందో, గండ్లు ఎక్కడ పడ్డాయో మా వీధిలో ఒక్కరికీ తెలియదు. పొద్దున పాదాలు తడిసిన నీళ్లు మధ్యాహ్నానికి నడుము దాకా వచ్చాయి. ఆరు రోజులు డాబా మీద ఉన్నాం. డ్రోన్లు వదిలిన పులిహోర పొట్లాలు పట్టుకుని తిన్నాం. గేజీ (నీటిమట్టం కొలిచే గుర్తు) ఉన్న నదిని అందరూ చూశారు, అంకె తెలియని వాగు వచ్చి మమ్మల్ని ముంచింది. జ్వరాల విషయంలో కూడా మేం ఇప్పుడు బుడమేరు పక్కన కూర్చున్నట్టే ఉన్నాం.

ఈ వానాకాలంలో మా మనవరాలికి డెంగీ వచ్చింది. నాలుగో తరగతి పిల్ల. ఒక మంగళవారం సాయంత్రం స్కూల్ నుంచి వచ్చి, బ్యాగు కూడా తీయకుండా చాప మీద పడుకుంది. చెయ్యి వేస్తే కాలిపోతోంది. "తాతయ్యా, కళ్ల వెనకాల నొప్పిగా ఉంది" అంది. ముప్పై ఏడేళ్లు జ్వరాలతో తిరిగినవాణ్ని, ఆ మాట వినగానే నాకు కాళ్లు ఆడలేదు. గురువారం ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే అప్పటికప్పుడు చేసే కార్డు టెస్టులో ఎన్‌ఎస్1 (డెంగీ వైరస్ ఆనవాలు) పాజిటివ్ వచ్చింది. డాక్టర్‌గారు మంచాయన. ప్లేట్‌లెట్ల అంకె పట్టుకుని మమ్మల్ని బెదరగొట్టలేదు. "జ్వరం ఉన్న రోజుల కంటే జ్వరం తగ్గిన తర్వాత రెండు రోజులు జాగ్రత్తగా చూడండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనపడినా అర్ధరాత్రయినా తీసుకొచ్చేయండి" అన్నారు. జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకుని ఎంతోమంది ఇంట్లోనే ఉండిపోతారు. అందుకే ఆయన మాట ఇక్కడ రాస్తున్నాను. పిల్ల దేవుడి దయ వల్ల బయటపడింది.

డిశ్చార్జి రోజున కౌంటర్లో అడిగాను, "ఈ కేసు పైకి పంపుతారా బాబూ?" అని. "అవి మేడమ్‌గారు చూసుకుంటారు సార్, మాకు తెలీదు" అన్నాడు ఆ అబ్బాయి. డిశ్చార్జి కాగితం చూసుకున్నాను. అడ్రస్ దగ్గర గుడివాడ పక్కన మా వియ్యంకుడి ఊరు ఉంది. పిల్ల ఆధార్ కార్డు అక్కడ పుట్టినప్పుడు తీసింది, కౌంటర్లో దాన్నే ఎక్కించారు. 2022లో జిల్లాలు మారాక గుడివాడ కృష్ణా జిల్లాలో ఉంది, మేం ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాం. అంటే మా పిల్ల జ్వరం ఒకవేళ లెక్కకెక్కినా, పక్క జిల్లాలో, పిల్ల ఆరు నెలలుగా అడుగు పెట్టని ఊళ్లో ఎక్కుతుంది. రేపు స్ప్రే చేసేవాళ్లు వెళ్తే ఆ ఊరు వెళ్తారు. దోమ మాత్రం మా వీధిలోనో, పిల్ల స్కూల్లోనో ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని మా వీధిలో మళ్లీ గడప గడపా తిరిగాను. 54 ఇళ్లు. ఈసారి కూడా మూడు ప్రశ్నలే, కాకపోతే వేరేవి. జ్వరం సరిగ్గా ఏ రోజు మొదలైంది? పగటిపూట ఎక్కడ ఉంటారు? నీళ్లు దేంట్లో పట్టుకుంటారు? రెండో ప్రశ్న ఎందుకంటే, మలేరియా దోమ రాత్రి కుడుతుంది, డెంగీ దోమ పగలు కుడుతుంది. రాత్రి దోమతెర కట్టుకున్నంత మాత్రాన సరిపోదు, పొద్దున తొమ్మిదింటికి, సాయంత్రం నాలుగింటికి మనం ఎక్కడున్నామో అది ముఖ్యం.

నాలుగు వారాల లోపు పదిహేడు మందికి జ్వరం వచ్చినట్టు తేలింది. అందులో రక్తపరీక్ష చేయించుకున్నవాళ్లు ఆరుగురు. ప్రభుత్వాసుపత్రిలో ఎలీసా (డెంగీని నిర్ధారించే ల్యాబ్ పరీక్ష) దాకా వెళ్లింది ఒక్కరే. మిగతావాళ్లు మెడికల్ షాపు బిళ్లలతో, సూదులతో గడిపేశారు. అన్నట్టు, డెంగీ అనుమానం ఉన్నప్పుడు పారాసిటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి తీసుకోకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మా వీధిలోనే ఇద్దరికి ఒళ్లునొప్పులకని అలాంటి సూదే పడింది. ఏమీ కాకపోవడం వాళ్ల అదృష్టం.

పేర్లన్నీ జ్వరం మొదలైన తేదీ వరసలో మళ్లీ రాశాను. అప్పుడు కనపడింది అసలు సంగతి. మొదట ముగ్గురు, ముగ్గురూ వీధి పడమటి చివర. తర్వాత దాదాపు పదిహేను రోజులు ఎవరికీ లేదు. ఆ తర్వాత ఒక్క వారంలో తొమ్మిది మంది. మధ్యలో ఉన్న ఆ ఖాళీ చూసి జ్వరాలు పోయాయని అందరూ అనుకున్నారు. నిజానికి ఆ ఖాళీలో వైరస్ దోమ ఒంట్లో ఉంది. జ్వరంతో ఉన్న మనిషిని కుట్టిన దోమ వెంటనే రోగం అంటించలేదు. వైరస్ దాని ఒంట్లో పెరిగి లాలాజలంలోకి రావడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఆపైన అది బతికున్నన్ని రోజులూ అంటిస్తూనే ఉంటుంది. కుట్టించుకున్న మనిషికి జ్వరం రావడానికి మరో నాలుగు నుంచి పది రోజులు. ఒక విడతకీ ఇంకో విడతకీ మధ్య మనకు దొరికే వ్యవధి రెండు మూడు వారాలు, అంతే. మొదటి ముగ్గురి సంగతి ఆ వారంలోనే తెలిసి ఉంటే తర్వాతి తొమ్మిది మందిలో చాలామందికి వచ్చేది కాదు. మా మనవరాలు ఆ తొమ్మిది మందిలో ఒకటి.

పడమటి చివర ఏముంది? సగం కట్టి ఆపేసిన అపార్ట్‌మెంటు. వాచ్‌మన్ కొడుకు, ఆరేళ్లవాడు, అందరికంటే ముందు జ్వరం పడ్డవాడు. వాడు ఏ లెక్కలోనూ లేడు. ఒళ్లు కాలుతుండగానే తల్లి వాణ్ని బస్సెక్కించి పుట్టింటికి తీసుకెళ్లింది. అక్కడి దోమలకు కూడా ఆ వైరస్ చేరిందో లేదో చెప్పేవాళ్లు లేరు.

వాచ్‌మన్‌ని అడిగి సెల్లార్‌లోకి దిగాను. లిఫ్ట్ కోసం తవ్విన గుంతలో మోకాలి లోతు నీళ్లు ఉన్నాయి. మురుగు కాదు, అడుగు కనపడేంత తేట నీళ్లు. ఫోన్ లైటు వేసి, నీడ పడకుండా వంగి, తెల్ల మగ్గుతో మెల్లగా ముంచాను. కదిలిస్తే అడుక్కి పోతాయి, డిపార్టుమెంటులో మొదటి వారం నేర్పే పని అదే. మగ్గులో నీళ్లు తేరుకున్నాక ఒక్కొక్కటే పైకి వచ్చాయి. తోక చివర గొట్టం నీటి పైభాగానికి ఆనించి, తల కిందికి పెట్టి ఏటవాలుగా వేలాడతాయి. మలేరియా దోమ పిల్ల అయితే నీటి మీద బల్లపరుపుగా పడుకుంటుంది. ఇరవై దాకా లెక్కపెట్టి ఆపేశాను. గుంత గోడకు నీటి అంచు వెంబడి నల్లటి చుక్కలు, ఆవపొడి చల్లినట్టు. అవి గుడ్లు. నీళ్లు తోడేసినా అవి గోడను పట్టుకుని నెలల తరబడి ఎండిపోయినా బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. ప్రతి శుక్రవారం డ్రైడే అని చెప్పేటప్పుడు నీళ్లు పారబోయమని చెప్తారు, డ్రమ్ము లోపలి అంచు పీచుతో గట్టిగా తోమమని మాత్రం చాలామంది చెప్పరు. వారానికొకసారి అనడానికి కారణం కూడా జనానికి చెప్పాలి. గుడ్డు దోమ అవ్వడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది, ఆ లోపు మనం వెళ్లాలి.

మా ఏఎన్‌ఎం (వార్డు ఆరోగ్య కార్యకర్త) అమ్మాయికి నోట్‌బుక్ చూపించాను. తప్పు ఆమెది కాదు, ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఆమె వార్డు సచివాలయం కింద వేల మంది జనం, గర్భిణులు, టీకాలు, సర్వేలు, ఫొటోలు. "బాబాయ్‌గారూ, నా కంటపడ్డ జ్వరం ట్యాబ్‌లో ఎక్కిస్తాను. ప్రైవేటుకి వెళ్లినవాళ్లు నాకెలా తెలుస్తారు? తెలిసేసరికి వాళ్లకి తగ్గిపోయి ఉంటుంది" అంది. మర్నాడే మలేరియా సిబ్బందిని తీసుకొచ్చింది. గుంతలో నీళ్లు తోడించారు, గోడ తోమించారు, మిగిలిన తడిలో మందు వేశారు. రెండు గంటల పని.

వ్యవస్థ లేదని నేను అనడం లేదు. దేశంలో వ్యాధుల నిఘా కార్యక్రమం 2004 నుంచి ఉంది. ఏఎన్‌ఎం రాసేది ఎస్ ఫారం, డాక్టర్ అనుమానంతో రాసేది పి ఫారం, ల్యాబ్ నిర్ధారించింది ఎల్ ఫారం. 2021 నుంచి దేశమంతా ఆన్‌లైన్ పోర్టల్‌కి మారింది. డెంగీ అని నిర్ధారించాలంటే ఎలీసా పరీక్షే ప్రమాణం, కార్డు టెస్టు పాజిటివ్‌ని అనుమానిత కేసుగానే చూస్తారు. ఆ నియమం తప్పు కాదు, కార్డు టెస్టులు పొరబడతాయి. కానీ నిర్ధారణ లెక్క వేరు, హెచ్చరిక లెక్క వేరు. బ్యారేజీ దగ్గర నీళ్లు పెరుగుతుంటే హెచ్చరిక ఇస్తారు, ఇళ్లు మునిగినట్టు నిర్ధారణ అయ్యాక కాదు. 2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు నేను ఫీల్డులో ఉన్నాను. మంచం మీంచి లేవలేక, కీళ్లు వంగిపోయి, ఊళ్లకి ఊళ్లు మూలిగిన రోజులవి. ఆ ఏడాది దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి, ల్యాబ్‌లో నిర్ధారణ అయినవి వాటిలో అతి కొద్ది. ఆ కొద్దిని మాత్రమే పేపర్లో వేసి ఉంటే దేశంలో చికున్‌గున్యా పెద్దగా లేదనే అనుకునేవాళ్లం.

అయ్యా, నా విన్నపం ఇది. బ్యారేజీ బాక్సు వేసినట్టే, వానాకాలం నాలుగు నెలలూ ప్రతి శనివారం విజయవాడ ఎడిషన్‌లో ఒక జ్వరాల బాక్సు వేయండి. జిల్లా అంకె ఒక్కటి కాదు, కార్పొరేషన్‌లో ఉన్న 64 డివిజన్ల వారీగా. కుదిరితే సచివాలయం వారీగా. అనుమానిత కేసులు ఒక గడిలో, ఎలీసాలో తేలినవి పక్క గడిలో. ల్యాబ్ రిపోర్టు వచ్చిన తేదీ ప్రకారం కాకుండా, జ్వరం మొదలైన తేదీ ప్రకారం. ఆధార్ అడ్రస్ ప్రకారం కాకుండా, రోగి గత రెండు వారాలుగా నిద్ర లేస్తున్న ఇంటి ప్రకారం. ప్రైవేటు ఆసుపత్రులను, ల్యాబ్‌లను పెద్ద ఫారాలు నింపమని అడగక్కర్లేదు. జ్వరం ఏ రోజు మొదలైంది, ఏ వీధిలో ఉంటున్నారు, పిల్లలైతే ఏ స్కూల్ అన్న ముక్క రాసి ఆ రోజు సాయంత్రం పంపితే చాలు. ఇవి అధికారుల దగ్గర నుంచి తెప్పించాల్సినవే, ఒక రిటైరైనవాడు అడిగితే ఇవ్వరు. పత్రిక అడిగితే ఇస్తారు. అదే లెక్క సచివాలయం గోడ మీద బోర్డులో కూడా సుద్దముక్కతో రాయించాలి. మా రోజుల్లో తలుపు పక్కన స్టెన్సిల్ గడి ఉన్నట్టు.

ఇలా వేస్తే జనం బెంబేలెత్తుతారని కొందరు అంటారు. 2020లో వీధి చివర కర్రలు అడ్డం కట్టి రెడ్ జోన్ అన్నప్పుడు ఆ వీధుల వాళ్లు ఎంత అవమానపడ్డారో నేనూ చూశాను. పాలు పోసే మనిషి కూడా రానన్నాడు. అందుకే పేర్లు వద్దు, ఇంటి నంబర్లు వద్దు. కానీ డెంగీ పక్కన కూర్చుంటే అంటుకునేది కాదు. పక్క వీధిలో జ్వరాలున్నాయని తెలిస్తే చేయాల్సింది ఆ వీధి వాళ్లకు దూరం జరగడం కాదు, మన డాబా మీద డ్రమ్ము తోముకోవడం. ఈ దోమ పుట్టిన చోటు నుంచి రెండు మూడు వందల గజాలు దాటి పోవడం అరుదు. అంటే మా వీధి దోమ మా గుంతలోనే పుట్టింది. టెన్షన్ పడేది ఏమీ తెలియనప్పుడే. బుడమేరు వచ్చిన రోజు మేం పడ్డది అదే.

మా వీధి లెక్క ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. పేర్లు తీసేసి తేదీలు, వయసులు, పగలు ఎక్కడ ఉంటారో మాత్రం ఉంచాను. గుంత తోమించిన రోజు ఎర్ర సిరాతో గీత గీశాను. ఆ గీత తర్వాత పన్నెండు రోజుల లోపు ఐదుగురు ఉన్నారు, వాళ్లకు అప్పటికే దోమ కుట్టి ఉంటుంది. అది దాటాక ఈ ఉత్తరం రాసే రోజు వరకు కొత్త జ్వరం రాలేదు. ఇంకా మూడు వారాలు తిరిగితే గానీ నేను నమ్మను.

మీరు బాక్సు మొదలుపెడతానంటే ప్రతి శుక్రవారం సాయంత్రానికి మా వీధి లెక్క మీ ఆఫీసుకి తెచ్చి ఇస్తాను. నాతో పాటు రిటైరైన మలేరియా వర్కర్లు ఇంకో నలుగురు ఊళ్లో ఉన్నారు. వాళ్లనీ అడిగాను, నోట్‌బుక్‌లు కొనుక్కున్నారు.

ఇట్లు,
రిటైర్డ్ హెల్త్ అసిస్టెంట్,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ.